ఎత్తడం లేదా, నిలవడం లేదా? పాత ట్రాక్టర్ లిఫ్టు జబ్బులపై ఒక సమీక్ష

దమ్ము రోజుల్లో ట్రాక్టర్ లిఫ్టు మొరాయిస్తే ఇంజిన్ ఎంత బాగున్నా బండి గట్టునే నిలబడాలి. గొర్రు లేవకపోతే గట్టు దాటలేం, పక్క మడిలోకి పోలేం, ఈలోగా నీటి వంతు దాటిపోతుంది. ఆ తొందరలో ఊళ్లో ముందుగా వినిపించే మాట "పంపు పోయింది" అని. ఆ మాట పట్టుకుని లిఫ్టు కవర్ విప్పేస్తారు, పంపు మార్చేస్తారు, కొత్త ఆయిలు పోస్తారు. మార్చింది పంపే అయినా, నయమైంది నిజానికి కవర్ విప్పినప్పుడు దానితో పాటు మారిన ఒక రబ్బరు రింగు వల్ల కావచ్చు. ఆ సంగతి ఎవరికీ తెలియదు కాబట్టి తర్వాత వచ్చే బండికీ అదే వైద్యం జరుగుతుంది.

ఈ విషయంలో మెకానిక్‌ల మధ్య మూడు దారులు కనిపిస్తాయి. ముందు పంపును అనుమానించేవాళ్లు ఒకరు. ఏ జబ్బుకైనా ఆయిలు, జాలీ మార్చి చూద్దామనేవాళ్లు ఇంకొకరు. విప్పకముందే లక్షణాలను బట్టి తేల్చుకోవాలనేవాళ్లు మూడోవారు, వీళ్లు తక్కువమంది. నేను మూడోవారి పక్షం. లిఫ్టులో అన్నిటికన్నా లోతున ఉన్నదీ, తీయడానికి ఎక్కువ శ్రమ పడేదీ పంపే. అందువల్ల అనుమానించే వరుసలో అది చివర ఉండాలి. ఆ వరుస ఎందుకు అలా ఉండాలో తెలియాలంటే లోపల ఏం జరుగుతోందో కొంచెం చూడాలి. మాట స్పష్టంగా ఉండడానికి మాసీ ఫెర్గూసన్ 35, దాని వారసత్వంగా మన దగ్గర తిరుగుతున్న 1035 తరహా బండిని ముందు పెట్టుకుంటాను. తెలుగు పల్లెల్లో పాత ట్రాక్టర్ అంటే చాలామంది కళ్లముందు మెదిలేది ఆ ఎర్ర బండే.

దాని పుట్టుక ఉత్తర ఐర్లండ్‌కు చెందిన హ్యారీ ఫెర్గూసన్ ఆలోచనలో ఉంది. అప్పటి ట్రాక్టర్ నాగలిని వెనకాల బండిలా ఈడ్చేది. నాగలి రాయికి తట్టుకుంటే ట్రాక్టర్ ముందు చక్రాలు గాల్లోకి లేచి వెనక్కి తిరగబడి నడిపేవాణ్ణి చంపేది. నాగలిని ట్రాక్టర్‌లో భాగంగా చేసి, నేల పట్టు పెరిగినప్పుడు హైడ్రాలిక్ దానంతట అదే నాగలిని కొంచెం పైకి తీసేలా ఫెర్గూసన్ రూపొందించాడు. 1926 నాటి పేటెంట్‌తో మొదలైన ఆ పని 1936లో డేవిడ్ బ్రౌన్‌తో కలిసి చేసిన ట్రాక్టర్‌లోకి, 1939లో ఫోర్డ్ 9ఎన్‌లోకి, 1946లో కొవెంట్రీలో తయారైన టీఈ20లోకి వచ్చింది. 1953లో ఫెర్గూసన్ కంపెనీ మాసీ హారిస్‌తో కలిసింది. 1956లో 35 వచ్చింది. 1960లో మద్రాసులో టాఫే ట్రాక్టర్ కంపెనీ పుట్టడంతో ఆ వంశం మన పొలాల్లోకి దిగింది. కంపెనీల పేర్లు, బండి రంగులు మారాయి గానీ సీటు కింద ఉన్న ఆ యంత్రం మూల సూత్రం పెద్దగా మారలేదు. అందుకే డెబ్బై ఏళ్ల కిందటి రిపేరు జ్ఞానం ఇవాళ్టికీ చెల్లుతుంది.

ఈ బండిలో గేర్లకు, డిఫరెన్షియల్‌కు, హైడ్రాలిక్‌కు ఒకటే ఆయిలు. పంపు ఆ ఆయిలులోనే మునిగి హౌసింగ్ అడుగున కూర్చుంటుంది. అందులో నాలుగు చిన్న పిస్టన్లు ఉంటాయి. వాటిని తిప్పేది, వెనక పనిముట్లకు ఇంజిన్ శక్తిని అందించే పీటీవో షాఫ్టు. పంపు నుంచి ఒక నిలువు గొట్టం పైకి లేచి లిఫ్టు కవర్‌లోకి, అక్కణ్నుంచి సిలిండర్‌లోకి ఆయిలును చేరుస్తుంది. సిలిండర్‌లోని పిస్టన్ వెనక్కి తోస్తే లిఫ్టు షాఫ్టు తిరిగి చేతులు లేస్తాయి. ఇక్కడ గుర్తుపెట్టుకోవలసిన విశేషం ఒకటుంది: కంట్రోల్ వాల్వు పంపులోకి ఆయిలు వచ్చే వైపున ఉంటుంది. లివర్ ఎత్తినప్పుడే పంపుకు ఆయిలు అందుతుంది. మిగతా సమయమంతా పంపు ఖాళీగా తిరుగుతుంది. వాల్వు తెరుచుకోకపోతే ఎంత ఆరోగ్యంగా ఉన్న పంపైనా చుక్క ఆయిలు ఇవ్వదు. పంపు మీద అన్యాయంగా పడే నిందల్లో పెద్ద భాగం ఇక్కడ పుడుతుంది.

కాబట్టి మొదట వేసుకోవలసిన ప్రశ్న "ఏ భాగం పోయింది?" అని కాదు. లిఫ్టు ఎత్తడం లేదా, ఎత్తి నిలవడం లేదా? ఈ రెంటినీ విడదీస్తే సగం పని అయినట్టే. ఎత్తడానికి ఆయిలు, పీటీవో, లివర్లు, వాల్వు, పంపు అన్నీ సమకూరాలి. ఎత్తినది నిలవడానికి పంపు తిరగక్కర్లేదు. ఆయిలు ఎటూ జారిపోకుండా ఉంటే చాలు. బరువును ఎత్తలేక మూలిగే బండీ, చక్కగా ఎత్తి ఇంజిన్ ఆపగానే గొర్రును నేలకు దించేసే బండీ ఒకే జబ్బుతో బాధపడుతున్నాయని అనుకోవడం పొరపాటు.

ఎత్తడం లేదంటే పాన పట్టుకోకముందే చూడవలసినవి కొన్నున్నాయి. పీటీవో లివర్ వేసి ఉందా? పంపు ఆ షాఫ్టు మీదే ఆధారపడింది కాబట్టి అది వేయకపోతే లిఫ్టు లేదు. ట్రైలర్ తోలే బండిని పొలంలోకి తెచ్చినప్పుడు ఇది తరచూ మరిచిపోతారు. సింగిల్ క్లచ్ బండిలో పెడల్ తొక్కితే చక్రాలతో పాటు పంపూ ఆగుతుంది. డబుల్ క్లచ్‌లో సగం తొక్కితే చక్రాలు మాత్రమే ఆగుతాయి, పూర్తిగా తొక్కితే పంపూ ఆగుతుంది. డబుల్ క్లచ్ సర్దుబాటు తప్పితే పీటీవో వైపు పట్టు జారి, బరువు పడగానే లిఫ్టు ఆగిపోతుంది. ఇది హైడ్రాలిక్ జబ్బు కానే కాదు.

తర్వాత సీటు పక్కన ఉన్న రెండు లివర్లు. ఒకటి నేల పట్టును బట్టి నాగలిని ఎత్తి దించే డ్రాఫ్టుది, రెండోది పనిముట్టును పెట్టిన ఎత్తులో ఆపే పొజిషన్‌ది. పొజిషన్ లివర్‌తో పని చేసేటప్పుడు డ్రాఫ్టు లివర్ పైకి ఉండాలి. డ్రాఫ్టుతో దున్నేటప్పుడు పొజిషన్ లివర్ ట్రాన్స్‌పోర్ట్ గుర్తు దగ్గర ఉండాలి. డ్రాఫ్టు లివర్‌ను కిందికి వదిలేసి రెండో లివర్‌ను ఎంత ఎత్తినా లిఫ్టు పలకదు. ఒక లివర్‌తోనే నడిచే కొత్త బండ్లకు అలవాటుపడిన డ్రైవర్ పాత మాసీ ఎక్కితే ఈ చిక్కు వస్తుంది. అలాగే పొజిషన్ లివర్ ట్రాన్స్‌పోర్ట్ దాటి కాన్‌స్టెంట్ పంపింగ్‌లోకి జారితే పంపు ఆగకుండా నెడుతూనే ఉంటుంది, సేఫ్టీ వాల్వు గట్టిగా అరుస్తుంది, ఆయిలు వేడెక్కుతుంది. ఆ అరుపు విని పంపు పగిలిందనుకునేవాళ్లున్నారు. లివర్‌ను ఆపే బిళ్ల విరిగిందేమో చూస్తే చాలు.

ఇక ఆయిలు. డిప్‌స్టిక్ తీసి మట్టం చూడడం అందరూ చేస్తారు. రంగు చూసేవాళ్లు తక్కువ. మన డెల్టాల్లో, చెరువు కింది పొలాల్లో కేజ్ వీల్స్ తగిలించి ఇరుసు మునిగే నీళ్లలో బండి తిప్పుతాం. అరిగిన సీళ్ల గుండా నీరు లోపలికి చేరుతుంది. ఆయిలు పలచని మజ్జిగలా తెల్లబడితే నీరు కలిసిందని అర్థం. నీరు కలిసిన ఆయిలు జారుడు పోగొట్టుకుంటుంది, వాల్వులకు తుప్పు పట్టిస్తుంది. బండిని ఒక రాత్రి కదపకుండా ఉంచి, తెల్లవారి ఇంజిన్ వేయకముందే అడుగు ప్లగ్‌ను కొద్దిగా వదిలిస్తే ముందు నీళ్లే రావచ్చు. అలా వస్తే ఆయిలంతా మార్చాలి, ఆపైన నీరు ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవాలి. ఇరుసు సీలు, పీటీవో సీలు, గేరు రాడ్డు కింది రబ్బరు తొడుగు, వానకు వదిలేసిన నింపుడు మూత ముందు చూడవలసినవి. కారణం వదిలి ఆయిలు ఒక్కటే మారిస్తే వచ్చే దమ్ముకు మళ్లీ అదే తెలుపు.

ఆయిలు చిక్కదనం మీద వాదాలు చాలా ఉన్నాయి. లిఫ్టు పట్టు పెరుగుతుందని చిక్కటి ఆయిలు పోసేవాళ్లున్నారు. అరిగిన భాగాల సందుల్లోంచి చిక్కటి ఆయిలు నెమ్మదిగా కారుతుంది కాబట్టి కొన్నాళ్లు నిజంగానే నయమైనట్టుంటుంది. కానీ చలి ఉదయాన పంపు దాన్ని పీల్చుకోలేక ఆకలితో తిరుగుతుంది, జబ్బు మాత్రం లోపల ఉన్నచోటనే ఉంటుంది. ఇంజిన్ నుంచి తీసిన పాత ఆయిలును పోయడం ఇంతకన్నా చెడ్డ అలవాటు. అందులోని మసి, లోహపు పొడి నేరుగా వాల్వులకు చేరతాయి. ఒకే ఆయిలు గేర్లకూ హైడ్రాలిక్‌కూ పనిచేయాలి కాబట్టి ట్రాక్టర్ పుస్తకంలో ఆ మోడల్‌కు చెప్పిన రకమే సరైనది. ఆయిల్ బ్రేకులున్న తర్వాతి మోడళ్లలో ఇది మరీ ముఖ్యం. తప్పు రకం పోస్తే బ్రేకులూ దెబ్బతింటాయి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఎత్తకపోతే అప్పుడు లోపలికి చూడాలి. దానికీ లిఫ్టు కవర్ ఎత్తాల్సిన పనిలేదు. హౌసింగ్ కుడి పక్క మూత ఉంది. మట్టం దిగేదాకా ఆయిలు తీసి ఆ మూత విప్పితే, టార్చి వెలుగులో పంపు, వాల్వును కదిపే లివర్, నిలువు గొట్టం అడుగు కనిపిస్తాయి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడే, సాయంగా ఉన్న మనిషిని పైన లివర్ కదపమని చెప్పి లోపలి నిలువు లివర్ కదులుతోందా, పంపు దగ్గర ఉండాల్సిన రోలర్ల మధ్యనే ఉందా అని చూడాలి. ఇంతకుముందు ఎవరైనా కవర్ విప్పి బిగించిన బండిలో ఆ లివర్ రోలర్ల బయట పడి ఉండటం చాలా సాధారణం. అలా ఉంటే పైన లివర్ ఎంత కదిపినా వాల్వుకు కబురే అందదు. ఒక్కోసారి లేచిన లిఫ్టు దిగదు కూడా. కవర్ తిరిగి పెట్టేటప్పుడు పక్క మూత తెరిచి లోపలి లివర్‌ను చేత్తో దారిపట్టించి కూర్చోబెట్టాలి. పై నుంచి గుడ్డిగా దించి బోల్టులు బిగించే మెకానిక్‌కు ఆ పని అప్పగించకండి.

లివర్ సరిగా కూర్చుని, వాల్వు మాత్రం కదలకపోతే అది బిగుసుకుపోయినట్టు. ట్రైలర్‌కే అంకితమైన బండ్లలో ఇది ఎక్కువ. ఏడాదిలో పది నెలలు లిఫ్టు వాడకుండా, నీరు కలిసిన ఆయిలులో వాల్వు నిలబడి తుప్పు పడుతుంది. వాడకం తక్కువైతే జబ్బులు తక్కువని అనుకుంటాం. ఈ యంత్రం విషయంలో అది తలకిందులు. నెలకోసారైనా లిఫ్టును పూర్తిగా ఎత్తి దించడం మంచిది.

వాల్వు కదులుతోంది, ఆయిలు బాగుంది, ఖాళీ చేతులు లేస్తున్నాయి, గొర్రు తగిలిస్తే లేవడం లేదంటే పంపు ఆయిలు ఇస్తోంది, ఒత్తిడి ఎక్కడో జారిపోతోంది. ఇక్కడ కొలవడం నేర్చుకోవాలి. 75 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పిస్టన్ మీద 170 బార్ ఒత్తిడి పడితే తోపు 7,600 కిలోలకు పైనే ఉంటుంది. చేతుల పొడవు, లింకుల నిష్పత్తి దాటి కింది లింకుల కొసకు వచ్చేసరికి అది ఎన్నో రెట్లు తగ్గుతుంది. అందుకే 1035కు కంపెనీ చెప్పే లిఫ్టు సామర్థ్యం 1,100 కిలోల దగ్గరే ఉంది. అదీ లింకుల కొస దగ్గర. బరువు ఇంకా వెనక్కి వేలాడే పెద్ద రోటావేటర్‌కు ఆ లెక్క మరింత పడిపోతుంది. చిన్న బండికి పెద్ద రోటావేటర్ తగిలించి లేవలేదంటే అది జబ్బు కాదు. బండికి తగ్గ బరువే లేవకపోతే, బయటి సిలిండర్‌కు ఆయిలు ఇచ్చే ప్లగ్ దగ్గర ఒత్తిడి గేజ్ బిగించి లివర్ ఎత్తితే సేఫ్టీ వాల్వు ఎక్కడ తెరుచుకుంటోందో అంకె చెబుతుంది. పుస్తకంలో ఉన్న అంకెకు చేరి నిలిస్తే పంపు దోషం లేదు. చాలా వర్క్‌షాపుల్లో ఈ గేజ్ ఉండదు. ఒక కొత్త పంపు ధరతో పోలిస్తే గేజ్ ఖర్చు చాలా తక్కువ. ప్రతి మెకానిక్ దగ్గరా అది ఉండాలని గట్టిగా చెప్పగలను.

అంకె అందకపోతే పక్క మూతలోంచి ఆయిలు ఎక్కడ చిమ్ముతోందో చూస్తారు. ఇంజిన్ నెమ్మదిగా నడుస్తుండగా, చేతులు, తువ్వాలు, వదులు చొక్కా దూరంగా ఉంచి, కళ్లకు అద్దాలు పెట్టుకుని చూడవలసిన పని. లోపల షాఫ్టు తిరుగుతూ ఉంటుంది. సేఫ్టీ వాల్వు దగ్గర ముందుగానే చిమ్మితే దాని స్ప్రింగు అలిసింది, లేదా సీటులో చెత్త పడింది. నిలువు గొట్టం అడుగున చిమ్మితే ఓ-రింగు తెగింది. ఈ ఓ-రింగు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 35, 135 తరహా బండ్లలో లిఫ్టు కవర్ పైనున్న చిన్న మూత నాలుగు బోల్టులు విప్పితే ఆ గొట్టం పైకి ఊడి వస్తుంది. కవర్ కదపకుండానే రింగులు మార్చవచ్చు. అన్నిటికన్నా చవకైన రిపేరు ఇదే, తరచూ వచ్చే దోషాల్లోనూ ఇదొకటి. పాత రింగును కంటితో చూసి అదే వ్యాసమున్న ఏదో ఒకటి కొనుక్కొచ్చి వేస్తే ఆయిలుకు ఉబ్బి నెలల్లో తెగుతుంది. మందం, రబ్బరు రకం రెండూ కుదరాలి.

ఇప్పుడు రెండో ప్రశ్న: ఎత్తింది నిలవడం లేదు. దీనికి మంచి పరీక్ష మన దేశపు ట్రాక్టర్ పరీక్షా కేంద్రాల నుంచే నేర్చుకోవచ్చు. మధ్యప్రదేశ్‌లోని బుధ్నీలో, మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ సంస్థలున్నాయి. ట్రాక్టర్ పరీక్షలో లిఫ్టుకు బరువు తగిలించి పైకెత్తి, ప్రతి 5 నిమిషాలకూ ఎంత దిగిందో 30 నిమిషాల వరకు కొలుస్తారు. ఇంటి దగ్గర కూడా గొర్రు ఎత్తి, ఇంజిన్ ఆపి, కర్ర మీద గీతలు గీసి ఇదే చేయవచ్చు. కొత్త బండి కూడా కొద్దోగొప్పో దిగుతుంది. రిపేరుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కొలిస్తే ఖర్చు పెట్టిన డబ్బు దేనికి పోయిందో తెలుస్తుంది.

గొర్రు దిగుతున్నప్పుడు ఆ పక్క మూతలోంచే టార్చి వేసి చూస్తే దోషి దొరుకుతుంది. సిలిండర్ తెరిచి ఉన్న కొస నుంచి ఆయిలు కారుతుంటే పిస్టన్ రింగులు పోయాయి లేదా సిలిండర్‌కు గీత పడింది. సిలిండర్ కవర్‌ను తాకే చోట కారుతుంటే మధ్య ప్యాకింగ్ చితికింది, లేదా సిలిండరే చిట్లింది; బరువైన పనిముట్టును పైకెత్తి గతుకుల రోడ్డు మీద వేగంగా తోలితే ప్రతి కుదుపూ సిలిండర్ మీదే పడుతుంది. గొట్టం పక్కన కారితే మళ్లీ ఓ-రింగే. ఎక్కడా కారడం లేదు, గొర్రు మాత్రం దిగుతోందంటే అప్పుడు పంపు లోపలి వాల్వులు వెనక్కి వదులుతున్నాయని చెప్పవచ్చు. ఇన్ని దాటుకుని వచ్చాకే పంపు మీద వేలు పెట్టే హక్కు వస్తుంది.

ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఎత్తిన గొర్రు ఆగి ఆగి తల ఊపుతుంటే అదీ ఈ కారుడు కుటుంబంలోదే. కొంచెం దిగగానే కంట్రోల్ పసిగట్టి మళ్లీ ఎత్తుతుంది, మళ్లీ దిగుతుంది. ఎత్తేటప్పుడే మెట్లు మెట్లుగా ఎగిరితే మాత్రం నాలుగు పిస్టన్లలో ఒకదాని వాల్వు కింద చెత్త పడిందని అనుమానించాలి. అది పంపు జబ్బే.

దున్నేటప్పుడు మాత్రమే వచ్చే ఇబ్బందులు వేరు. నాగలి లోతు నిలకడగా లేకపోతే ఆయిలు వైపు చూడకుండా టాప్ లింక్ తగిలే చోట ఉన్న పెద్ద స్ప్రింగును పట్టుకుని ముందుకు వెనక్కి ఊపండి. ఆట ఉంటే సర్దాలి. తుప్పుపట్టి అసలు కదలకపోతే డ్రాఫ్టు కంట్రోల్ చచ్చిపోయినట్టే. ఫెర్గూసన్ జీవితమంతా పెట్టి సాధించిన ఆ సదుపాయం మన దగ్గర ఎన్నో బండ్లలో ఏళ్లుగా మూగబోయి ఉంది. గొర్రు, రోటావేటర్, ట్రైలర్ పనులకు దాని అవసరం అంతగా తెలియదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

ఇదంతా మాసీ తరహా బండి సంగతి. చాలా ఇతర బండ్లలో ఇంజిన్ టైమింగ్ గేర్ల నుంచి నడిచే గేరు పంపు ఉంటుంది. అక్కడ ఆయిలు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి లక్షణాలు మారతాయి. పంపు కీచుమంటే జాలీ మూసుకుపోయింది; ఆయిలు నురగ కక్కితే పీల్చే గొట్టం క్లిప్పు దగ్గర గాలి వస్తోంది. హైడ్రాలిక్ ఆయిలు తగ్గుతూ, నేల మీద మరక లేకుండా, ఇంజిన్ ఆయిలు మట్టం పెరుగుతుంటే పంపు షాఫ్టు సీలు పోయి ఇంజిన్‌లోకి వెళుతోంది. దాన్ని వదిలేస్తే ఇంజిన్‌కే ముప్పు.

ఈ పనిలో ప్రాణం పోయే సందర్భాలు మూడున్నాయి. ఎత్తిన పనిముట్టు కింద దూరడం మొదటిది. నిలవని లిఫ్టును రిపేరు చేస్తూ ఆ లిఫ్టునే నమ్ముకోకూడదు, దిమ్మెలు పెట్టాలి. బయటి గొట్టంలో సన్నని చిల్లు ఎక్కడుందో వేలితో తడమడం రెండోది. ఆ ఒత్తిడిలో ఆయిలు చర్మంలోకి దూసుకుపోతుంది. గాయం సూది గుచ్చినంతే ఉంటుంది, మొదట నొప్పీ ఉండకపోవచ్చు, గంటల్లో కండ చచ్చిపోతుంది. చిల్లు వెతకాలంటే అట్టముక్క అడ్డం పెట్టాలి. ఆయిలు గుచ్చుకుంటే వెంటనే శస్త్రచికిత్స ఉన్న ఆసుపత్రికి వెళ్లి, లోపలికి పోయింది హైడ్రాలిక్ ఆయిలని డాక్టరుకు చెప్పాలి. మూడోది, లిఫ్టు లేదని టాప్ లింక్ తగిలే చోట గొలుసు కట్టి బరువు ఈడ్వడం. ఇరుసుకు పైన లాగితే బండి ముందు చక్రాలు లేస్తాయి. ఫెర్గూసన్ తప్పించాలనుకున్న చావునే తిరిగి పిలవడం అది.

చివరికి నిజంగా పంపే పోయిందని తేలితే ఏం చేయాలి? పీటీవో షాఫ్టు వెనక్కి లాగి, కవర్ ఎత్తి, రెండు పక్కల పిన్నులు తీస్తే పంపు బయటికి వస్తుంది. వాల్వులు, సీట్లు మాత్రమే అరిగితే అవి మార్చి వాడుకోవచ్చు. పంపు బాడీకే గీతలు పడితే మార్చడమే మేలు. కొందరు లోపలి పంపును వదిలేసి బయట గేరు పంపు, వేరే వాల్వు బిగించుకుంటారు. ట్రైలర్ తొట్టి ఎత్తడానికే వాడే బండికి అది సరిపోవచ్చు. దున్నే బండికి మాత్రం నేను ఒప్పుకోను. అలా చేస్తే డ్రాఫ్టు కంట్రోల్ పోతుంది, లివర్ పెట్టిన ఎత్తులో పనిముట్టును ఆపే పొజిషన్ కంట్రోల్ కూడా పోతుంది. ఇక నడిపేవాడు సాలు పొడవునా చేత్తో లిఫ్టును ఎత్తుతూ దించుతూ ఉండాలి. పంపు బయటికి తీసినప్పుడు హౌసింగ్ అడుగున పేరుకున్న బురదను డీజిల్‌తో కడిగి తుడవకుండా కొత్తది పెట్టించకండి. సిలిండర్ ప్యాకింగ్, గొట్టం ఓ-రింగులు, పిస్టన్ రింగులు కూడా ఆ విప్పడంలోనే మార్పించండి. వాటికోసం కవర్‌ను మళ్లీ ఎత్తించే కూలి ఆ సామాన్ల ధరకన్నా ఎక్కువ.